పన్నెండు జతల పాటల పందెం

ఏవోయ్! నిన్నే, నిన్నే! చెవుల్లో ఆ రెండు బుడిపెలూ కాస్త పీకి పక్కన పెట్టు. పిలిచి పిలిచి నా గొంతు అరిగిపోయింది. నువ్వేమో తల ఊపుతూ కూర్చున్నావు. నా మాటకే ఊపుతున్నావనుకుని మురిసిపోయాను కూడా. ఆఁ? ఏమిటీ గొణుగుతున్నావ్? కొత్త ప్లేయరా? అందులో పాటలన్నీ అసలు సిసలు క్వాలిటీయా? అబ్బో! అంత పాము చెవులు నీకుంటే, పొద్దున మీ అమ్మ సరుకులు తెమ్మని మూడుసార్లు అరిచింది ఎలా వినపడలేదురా నాయనా?

కూర్చో. నీలాగే చెవి ఉందని విర్రవీగిన ఒక మావయ్య కథ చెబుతాను. నవ్వొస్తే మొహమాటపడకుండా నవ్వు. ఎవర్ని చూసి నవ్వావో చివర్లో చెబుతాను.

ఆ మావయ్య చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో మెకానిక్కు. ఒకే హాల్లో మూడు వందల కుట్టు మిషన్లు. అన్నీ ఒక్కసారి మొదలయ్యాయంటే రేకుల కప్పు మీద రాళ్లవాన పడ్డట్టే. కొత్తగా పనిలో చేరినవాళ్లు మొదటి రోజు చెవులు మూసుకుంటారు. వారానికి దూది పెట్టుకుంటారు. ఏడాది తిరిగేసరికి ఇంట్లో పెళ్లాం పక్కనే కూర్చున్నా అవతలి గట్టు మీదున్నట్టు అరిచి మాట్లాడతారు. మావయ్య ఆ హాల్లో ముప్ఫై ఏళ్ల నుంచి ఉన్నాడు. చెవులకు పెట్టుకోమని ఫ్యాక్టరీ ఇచ్చిన డొప్పల్ని సైకిలు హ్యాండిలుకి తగిలించి తిప్పేవాడు తప్ప తలకి ఎక్కించిన పాపాన పోలేదు.

"చెవి మూసుకుంటే మిషను మాటలు ఎలా వినాలి?" అనేవాడు.

మిషను ఏదైనా మొరాయిస్తే మావయ్య వచ్చి మూరెడు పొడుగు స్క్రూడ్రైవరు మొనని దాని ఒంటికి ఆనించి, పిడిని చెవి వెనక ఎముకకి ఆనించి కళ్లు మూసుకునేవాడు. పది లెక్కపెట్టేలోపు, "అడుగున గేరుకి నూనె అందట్లేదు," అనో, "బాబిన్ కేసు వదులైంది," అనో తీర్పు చెప్పేవాడు. విప్పి చూస్తే సరిగ్గా అదే. అందుకని హాల్లో ఆయన చెవికి ఉన్న మర్యాద మేనేజరు కుర్చీకి కూడా లేదు.

మర్యాద చెవికే, మనిషికి కాదు. మనిషి శుద్ధ కొంటె. కొత్తగా చేరిన కుట్టుపనివాణ్ణి స్టోరుకి పంపి "అరకిలో గుండీ కన్నాలు" పట్టుకు రమ్మనేవాడు. వాడు ఆ చీటీ పట్టుకుని నాలుగు సెక్షన్లు తిరిగేసరికి హాలంతా పొట్ట చేత్తో పట్టుకునేది. ఫ్యాక్టరీలో ఆయన చేతిలో వెర్రివాడు కానివాడు లేడు. చిన్నా పెద్దా అంతా మావయ్యా అనే పిలిచేవారు. ఏ మేనల్లుడికైనా మావయ్య అంటే చెవి మెలిపెట్టే మనిషే కదా మరి.

అంతటి మావయ్యకి ఒక్క భయం ఉండేది. దాని పేరు గుండీల గది.

స్టోరు వెనకాల కిటికీ లేని చిన్న గది అది. నేల మీద గోనె సంచులు, సంచుల్లో గుండీలు. సైజువారీగా, రంగువారీగా వాటిని ఏరి డబ్బాల్లో వెయ్యాలి. మావయ్యకి పని నేర్పిన పాత మెకానిక్కుకి వినికిడి పోయిందని తెలిసిన మర్నాడే ఆయన్ని హాల్లోంచి తీసి ఆ గదిలో కూర్చోబెట్టారు. జీతం తగ్గించలేదు, ఎవరూ ఒక్క మాట అనలేదు. కానీ నలభై ఏళ్లు మిషన్లతో మాట్లాడిన మనిషి ఆ గదిలో ఎవరితో మాట్లాడతాడు? ఏడాదిలో ముడుచుకుపోయాడు. మావయ్య మధ్యాహ్నం టీ పట్టుకెళ్లి పలకరిస్తే, "ఇది నాలుగు కన్నాలది, ఇది రెండు కన్నాలది," అనేవాడు. అంతే. అది మావయ్య గుండెలో ముల్లులా దిగిపోయింది.

అందుకే ఫ్యాక్టరీకి ఏటా వచ్చే చెవి పరీక్షలో మావయ్య ఒక ఉపాయం పన్నాడు. గాజు పలక అవతల నర్సమ్మ మీట నొక్కుతుంది, ఇవతల మనం హెడ్‌ఫోను పెట్టుకుని, శబ్దం వినపడినప్పుడల్లా చెయ్యెత్తాలి. మావయ్య శబ్దం కోసం చూసేవాడు కాదు, నర్సమ్మ మోచెయ్యి చూసేవాడు. మోచెయ్యి కదిలిందా, చెయ్యి లేచిందే! ప్రతి ఏడూ ఫస్టు క్లాసు. ఆ ఘనకార్యాన్ని ఓసారి టీ తాగుతూ కూతురి దగ్గర చెప్పుకుని పగలబడి నవ్వాడు కూడా. కూతురు ఆ రోజు నవ్వలేదు. మావయ్య అది గమనించలేదు.

ఆ పిల్ల అదే ఫ్యాక్టరీలో, కటింగ్ సెక్షన్లో కంప్యూటరు మీద చొక్కాల నమూనాలు గీస్తుంది. ఆమె మొగుడు, అంటే మావయ్యకి అల్లుడు, సరుకు బయటికి పంపే డిస్పాచ్‌లో గుమాస్తా. నెమ్మదస్తుడు. మాట్లాడేముందు గొంతు సవరించుకునే రకం. వారానికోసారి ఇద్దరూ మావయ్యింటికి వచ్చేవారు. వచ్చినప్పుడల్లా మావయ్యకి పండగే, అల్లుణ్ణి ఆటపట్టించడానికి కొత్త సరుకు సిద్ధంగా ఉండేది.

ఒకరోజు మావయ్య డిస్పాచ్ యార్డులో నడిచి వెళుతున్నాడు. వెనకనుంచి కరెంటు ట్రాలీ రివర్సులో వస్తోంది. పెట్టెలు ఎత్తుగా పేర్చి ఉన్నాయి, డ్రైవరుకి వెనక ఏముందో కనపడదు. "తప్పుకోండి" అన్నట్టు అది సన్నగా కీచు కీచుమంటూనే ఉంది. అందరూ తప్పుకున్నారు. మావయ్య తప్పుకోలేదు. అల్లుడు చేతిలో కాయితాలు విసిరేసి వచ్చి, చొక్కా పట్టుకుని ఇవతలికి లాగాడు. ట్రాలీ మావయ్య నిలబడ్డ చోటు మీదుగా వెళ్లిపోయింది.

"ఏమండీ అల్లుడుగారూ! కొత్త చొక్కా కావాలంటే అడగాలి గానీ, ఒంటి మీదున్నది లాక్కుంటారా?" అన్నాడు మావయ్య. యార్డంతా నవ్వింది. అల్లుడు మాత్రం కిందపడ్డ కాయితాలు ఏరుకుంటూ, "వినపడలేదా మావయ్యగారూ?" అన్నాడు.

"వినపడకేం! మీకు చురుకుందో లేదో చూద్దామని నిలబడ్డాను."

ఇంటికి వచ్చాక మావయ్య చొక్కా కూడా విప్పలేదు. ఎవరూ చూడకుండా వంటింట్లోకి వెళ్లి, ఈల వేసే కెటిల్లో నీళ్లు పోసి పొయ్యి మీద పెట్టి, అటు వీపు తిప్పి నిలబడ్డాడు. ఈల కోసం ఎదురుచూశాడు. కాసేపటికి పక్కగదిలోంచి అత్తయ్య పరిగెత్తుకొచ్చింది.

"చెవులు పగిలేలా కూస్తుంటే పక్కనే నిలబడి ఏం చేస్తున్నారండీ? ధ్యానమా?"

మావయ్య వెనక్కి తిరిగి చూస్తే కిటికీ అద్దం నిండా ఆవిరి పట్టేసి ఉంది.

"నువ్వు వస్తావో రావో అని," అన్నాడు. ఆవిడ చెవి దగ్గర ఇల్లు కట్టుకుని పోరినా ఆపైన ఒక్క ముక్క చెప్పలేదు.

అది జరిగిన కొన్నాళ్లకి మావయ్య పుట్టినరోజు వచ్చింది. కూతురు ఒక బుల్లి మ్యూజిక్ ప్లేయరు తెచ్చింది. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, చొక్కా జేబులో వేసుకుంటే ఉన్నట్టే తెలియదు.

"ఇందులో ఎన్ని పాటలు పడతాయే?"

"నువ్వు పెట్టుకునే తీరునిబట్టి నాన్నా."

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. "ఫ్లాక్‌లో పెడితే రెండొందల యాభై పడతాయండీ. స్టూడియోలో ఎలా రికార్డయిందో అలాగే, ఒక్క పోగు తెగకుండా ఉంటుంది. ఎంపీత్రీలో మూడొందల ఇరవై పెట్టుకుంటే ఎనిమిది వందల పాటలు. నూట ఇరవై ఎనిమిదిలో అయితే రెండు వేల దాకా పడతాయి గానీ..."

"రెండు వేలు! ఇంక గానీ ఏమిటండీ?"

"సైజు తగ్గించాలంటే పాటలోంచి కొంత కోసేస్తారండీ. ఇది చెవికి ఎలాగూ అందదులే అనుకున్నది తీసి పారేస్తారు. ఆ అంకె ఎంత తగ్గితే కోత అంత ఎక్కువ."

"మా అమ్మాయి చేసేదీ అదేగా! గుడ్డలోంచి చొక్కా కోసుకుని పీలికలు పారేస్తుంది. తొడుక్కునేది చొక్కానే గానీ పీలికలు కాదుగా?"

"నూట ఇరవై ఎనిమిది అంటే పీలికలతో పాటు జేబు కూడా పోయినట్టండీ. ఇంకా తగ్గిస్తే చేతులు కూడా పోతాయి."

"పోనీ, ఉన్న ఎంపీత్రీనే మీ ఫ్లాక్‌లోకి మార్చేస్తే?"

"పోయిన జేబు తిరిగిరాదండీ. చిన్న చొక్కాని పెద్ద పెట్టెలో పెట్టినట్టు, అంతే."

మావయ్యకి ఉత్సాహం పెరిగింది. "అల్లుడుగారూ, మూడొందల మిషన్లలో ఒక్క మర వదులైతే పట్టేసే చెవి ఇది. ఈ చెవికి తేడా తెలియదంటే తేడా లేదన్నమాట. మీ బోటి చదువుకున్నవాళ్ల చెవుల్లో కంపెనీలు పెట్టే పువ్వండీ ఇది. పూలు మీరు పెట్టుకోండి, నాకు రెండు వేల పాటలు పెట్టండి!"

"అయితే పరీక్ష పెట్టుకుందామా నాన్నా?" అంది కూతురు తాపీగా. "క్యాంటీన్లో, అందరి ముందూ. పన్నెండు జతలు. ఒక్కో జతలో ఒకే పాట రెండుసార్లు. రెండూ ఒకటేనో, తేడా ఉందో నువ్వు చెప్పు, ఆయన రాస్తారు. ఓడినవాళ్లు గెలిచినవాళ్ల మాట వినాలి."

మావయ్య తొడ చరిచాడు. కానీ ఆ రాత్రి మంచం మీద లేచి కూర్చున్నాడు. నిజంగా తేడా ఉండి తనకి తెలియకపోతే? క్యాంటీనంతా చూస్తుండగా? మేనేజరమ్మ కూడా అక్కడే టీ తాగుతుంది. గుండీల గది తలుపు కిర్రుమన్నట్టయింది, అది కూడా మనసులోనే, చెవికి కాదు.

మర్నాడు కటింగ్ సెక్షన్‌కి వెళ్లి కూతుర్ని పక్కకి పిలిచాడు.

"ఒసే బంగారం, ఒక తమాషా చేద్దామే. పన్నెండు జతల్లోనూ రెండు వైపులా ఒకే ఫైలు పెట్టేసెయ్. పేర్లు మాత్రం వేరు వేరు. మీ ఆయన చెవి రిక్కించి, 'ఇది తియ్యగా ఉంది, అది చప్పగా ఉంది' అని రాసుకుంటూ పోతాడు. చివర్లో అన్నీ ఒకటేనని తేలుద్దాం. నవ్వలేక చస్తాం!"

"ఆయన పరువు పోదూ?"

"ఎక్కడికి పోతుందే? ఇంటికేగా వస్తుంది!"

కూతురు కత్తెర తీసి సొరుగులో పెట్టింది. "సరే నాన్నా. ఇంకెవరికీ చెప్పకు మరి," అంది.

పెళ్లయిన ఆడపిల్ల మొగుడి పరువు అంత తేలిగ్గా వదులుకుంటే, ఏ తండ్రికైనా అనుమానం రావాలి. మావయ్యకి రాలేదు. తనంత కొంటెవాడు ఇంకొకడు పుట్టలేదన్న నమ్మకం ఆయనది.

పందెం రోజు క్యాంటీనులో కుర్చీలు చాల్లేదు. బెంచీల మీద, కిటికీ గట్ల మీద, ఆఖరికి చేతులు కడుక్కునే తొట్టి అంచు మీద కూడా జనం. ప్లేయరుకి రెండు హెడ్‌ఫోన్లు తగిలించారు. ఒకటి మావయ్యకి, ఒకటి అల్లుడికి. కూతురు మీట నొక్కుతుంది. మావయ్య అలవాటుగా ఆమె మోచెయ్యి చూడబోయి తనలో తాను నవ్వుకున్నాడు. ఈసారి ఆ అవసరం లేదు. అన్నీ ఒకటే! జీవితంలో మొదటిసారి చెవి పరీక్షలో కళ్లు మూసుకుని హాయిగా కూర్చున్నాడు.

మొదటి జత. పాట, మళ్లీ అదే పాట.

"ఒకటే!" అని అరిచాడు మావయ్య.

అల్లుడు నుదురు ముడిచి కాయితం మీద ఏదో రాసుకున్నాడు. మావయ్యకి పొట్టలో నవ్వు సుడి తిరిగింది. రాసుకో నాయనా, రాసుకో.

రెండో జత, మూడో జత. "ఒకటే! అచ్చం కవలపిల్లలు!"

అయిదో జతకి జనం కూడా పాట అందుకున్నట్టు మావయ్యతో పాటు "ఒకటే!" అని అరవసాగారు. ఏడో జతకి అల్లుడు మొహం చిట్లించాడు, చేదు మందు మింగినవాడిలా. ఎంత నటన, ఎంత నటన, అనుకున్నాడు మావయ్య. తొమ్మిదో జత అయ్యాక అల్లుడు హెడ్‌ఫోను తీసి బల్ల మీద పెట్టి, "కాసేపు వేరేవాళ్లు వినండి," అన్నాడు.

క్యాంటీన్ నడిపే అక్క చెయ్యి తుడుచుకుంటూ వచ్చి అది తగిలించుకుంది. ఆవిడ నోటికి ఫ్యాక్టరీ మొత్తం దడుస్తుంది. పదో జత వినగానే ఆవిడ నోరు తెరిచింది. బల్ల కింద కూతురి కాలు కదిలింది. అక్క నోరు మూసుకుంది.

"చూశారా, పాట ఎంత బాగుందో! అక్కకే మాట పడిపోయింది," అన్నాడు మావయ్య. "ఒకటే!"

పదకొండో జతకి అక్క కళ్లు చెమ్మగిల్లాయి. పాటది విషాద రాగం అనుకున్నాడు మావయ్య.

పన్నెండో జత. రెండోసారి పాట సగంలో ఉండగా అక్క ఉలిక్కిపడి, రెండు కాళ్లూ బెంచీ మీదికి లాక్కుని, గబుక్కున వెనక్కి తిరిగి చూసింది.

"ఏమక్కా, ఎలకా?" అన్నాడు మావయ్య.

ఎవరూ నవ్వలేదు.

"ఇదీ ఒకటే!" అని ఆయన హెడ్‌ఫోను తీసి కిరీటం దించినట్టు బల్ల మీద పెట్టాడు. "అల్లుడుగారూ, ఆ కాయితం ఇటివ్వండి. అమ్మాయ్, ఇంక గుట్టు విప్పు!"

కూతురు ఇంకో కాయితం మడత విప్పింది. అందరికీ వినపడేలా చదివింది.

"మొదటి మూడు జతలూ, ఒకటి ఫ్లాకు, ఒకటి మూడొందల ఇరవై. తర్వాత మూడూ నూట ఇరవై ఎనిమిది. ఏడు నుంచి తొమ్మిది దాకా అరవై నాలుగు. పదో జతా, పదకొండో జతా ముప్ఫై రెండు."

"ఏంటే ఆ అంకెలు? అన్నిట్లో ఒకే ఫైలు పెడతానన్నావుగా నాకు!" అని పైకే అనేశాడు మావయ్య.

అన్నాక నాలిక కరుచుకున్నాడు. మోసం నలుగురిలో బయటపడింది, ఇప్పుడు గోల గోలవుతుంది అనుకున్నాడు. కానీ ఎవరూ ఆశ్చర్యపోలేదు. ఒక్కళ్లు కూడా. మావయ్య కూతురి వైపు తిరిగాడు.

"పెట్టలేదు నాన్నా. ఒకటేనని నువ్వు నమ్మాలి, అందుకని సరేనన్నాను. లేకపోతే నువ్వు నా మోచెయ్యి చూసేవాడివి. ఆయన మొహం చూసి చెప్పేవాడివి. మోసం చేస్తున్నది నువ్వేనని అనుకుంటే తప్ప నీ చెవి నిజం చెప్పదు."

"పదకొండోది, మావయ్యా," అంది అక్క, "పాడేవాడి తల బిందెలో పెట్టి, బిందె బావిలో దింపినట్టుంది. నువ్వు ఒకటే అన్నావు."

"మరి... పన్నెండోది?"

అల్లుడు గొంతు సవరించుకున్నాడు. ఈసారి చాలాసేపు సవరించుకున్నాడు.

"రెండూ ఫ్లాకేనండీ. రెండోదాన్లో పాట మధ్యలో మా యార్డు ట్రాలీ కూత కలిపాను. అక్క విని కాళ్లు పైకి లాక్కుంది. ఆ రోజు నేను కాయితాల వంక చూస్తూ ఉండుంటే మావయ్యగారూ..."

   మావయ్య బల్ల మీద ప్లేయరుని వేలితో అటూ ఇటూ తిప్పుతూ కూర్చున్నాడు.

మేనేజరమ్మ టీ కప్పుతో వచ్చి ఎదురుగా కూర్చుంది. ఆమె నోరు తెరవకముందే మావయ్య అడిగేశాడు. "గుండీల గదేనా అమ్మా?"

"గుండీల గదికా? నిన్నా?" అంది ఆమె. "నిన్ను అక్కడ కూర్చోబెడితే మూడు రోజుల్లో కన్నాలకి గుండీలు కుట్టిస్తావు. నాకెందుకొచ్చిన తంటా! మిషను మీద స్క్రూడ్రైవరు పెట్టి నువ్వు వినేది లావుపాటి శబ్దం. ఆ పనిలో నువ్వు ఇప్పటిదాకా ఒక్కసారి తప్పలేదు. నీకు అందనివి సన్న శబ్దాలు. నువ్వు చెవి డాక్టరు దగ్గర నిజంగా పరీక్ష చేయించుకో. హాల్లో ఉన్నంతసేపూ డొప్పలు పెట్టుకో, బయటికి వస్తే డాక్టరు ఏది ఇస్తే అది పెట్టుకో. మీ గురువు విషయంలో అప్పట్లో ఎవరూ ఇంత ఆలోచించలేదు. ఆ గదికి వచ్చే నెల కిటికీ పెట్టిస్తున్నాను, అది వేరే సంగతి."

మావయ్య చుట్టూ చూశాడు. "అయితే... మీరంతా... ముందే?"

"పదిహేను రోజుల నుంచి," అన్నారెవరో.

"మూడొందల మంది! పదిహేను రోజులు! ఒక్కడి నోట్లో నువ్వుగింజ నానని ఈ క్యాంటీన్లో, ఒక్క ముక్క నా చెవిన పడలేదా?"

"పడే ఉంటుంది మావయ్యా," అంది అక్క. "నీకు వినపడలేదు."

అప్పుడు పగిలింది నవ్వు. మొదట మావయ్యదే. నవ్వుతూ నవ్వుతూ కళ్లు తుడుచుకుని, కూతురి చెవి పట్టుకుని మెత్తగా మెలిపెట్టాడు. "తాడిని తన్నేవాడి తల తన్నే పిల్లని కన్నానే!" అన్నాడు. ఆ మాటలో కోపం ఎంతో గర్వం ఎంతో విడదీయడం ఏ ఫార్మాటుకీ సాధ్యం కాదు.

డాక్టరు దగ్గర మళ్లీ అదే గాజు పలక, అవతల ఇంకో నర్సమ్మ. మావయ్య కూర్చోగానే ఆమె లేచి పలకకి కర్టెను లాగేసింది. మావయ్య కూతురి వైపు చూశాడు. కూతురు గోడ మీద క్యాలెండరుని మహా శ్రద్ధగా చదువుతోంది.

పోయిన వినికిడి తిరిగిరాదనీ, ఉన్నది కాపాడుకోవచ్చుననీ చెప్పాడు డాక్టరు. ఎడమ చెవి బాగా దెబ్బతింది, కుడి చెవి కాస్త నయం. చెవి వెనక పెట్టుకునే బుల్లి మిషన్లు రెండు ఇచ్చాడు. అవి పెట్టుకుని ఇంటికి నడుస్తుంటే మావయ్య దారిలో నాలుగుసార్లు ఆగిపోయాడు. తన చెప్పులు కిర్రుమంటాయని ఆయనకి తెలియదు. జేబులో తాళాలు గలగలమంటాయని మర్చిపోయాడు. ఇంటికెళ్లి కెటిలు పెట్టి, వీపు తిప్పి నిలబడ్డాడు. అది కూయగానే ఉలిక్కిపడి, పిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. పక్కగదిలో అత్తయ్య ఏదో గొణుక్కుంది. అది కూడా వినపడింది. ఆవిడ ఇన్నేళ్లుగా తన గురించి ఏమని గొణుక్కుంటోందో ఆ పూట తెలిశాక, మిషను తీసెయ్యాలా వద్దా అని ఒక్క క్షణం ఆలోచించిన మాట వాస్తవం.

ఇక ప్లేయరు సంగతి. ఇప్పుడు గొడవ తిరగబడింది.

"అన్నీ ఫ్లాక్‌లోనే కావాలి," అన్నాడు మావయ్య. "ఇన్నాళ్లూ నా పాటల జేబులన్నీ కోసేశారు. రెండొందల యాభై చాలు, ఒక్క పోగు తెగకూడదు!"

"మూడొందల ఇరవై చాలండీ," అన్నాడు అల్లుడు నెమ్మదిగా, నేల చూపులు చూస్తూ.

"అదేమిటండీ, మీరేనా ఈ మాట అనేది?"

కూతురు ఫక్కున నవ్వింది. "ఆయన కాయితం నువ్వు చూడనే లేదు నాన్నా. నూట ఇరవై ఎనిమిది నుంచి కింద విన్నవన్నీ పట్టేశారు. మొదటి మూడు జతల్లో మాత్రం, మూడిట్లో రెండు 'ఒకటే' అని రాశారు."

మావయ్య కుర్చీలోంచి లేచి అల్లుణ్ణి కావలించుకున్నాడు. "అదీ మాట! వియ్యమందితే ఇలాంటి చెవితోనే అందాలి!"

చివరికి కూతురే తీర్పు చెప్పింది. రెండొందల యాభై ఆరు, వెయ్యి పాటలు. నడుస్తూ తిరుగుతూ వినే చెవికి అది చాలు, తండ్రికైనా మొగుడికైనా. ఫ్లాకులు ఇంట్లో కంప్యూటర్లో దాచుకోండి, అంది. ఇద్దరూ బుద్ధిగా తలూపారు. వెయ్యో పాటగా మాత్రం మావయ్య పట్టుబట్టి ఆ పన్నెండో జతలో రెండోదాన్ని పెట్టించుకున్నాడు, ట్రాలీ కూతతో సహా. అది వచ్చినప్పుడల్లా ఎక్కడున్నా సరే, ఒక అడుగు పక్కకి వేస్తాడు.

అదీ కథ. ఏం, ఇంకా నవ్వుతున్నావా? నవ్వు, నవ్వు. అల్లుణ్ణి వెర్రివాణ్ణి చెయ్యబోయి, మూడొందల మంది ముందు పన్నెండుసార్లు గొంతు చించుకుని మరీ తానే వెర్రివాడైన ఆ మావయ్య ఎవరనా? ఆఁ? ఏమన్నావ్? అటునుంచి కాదురా, ఇటు రా, కుడి చెవి వైపు. నీతో మాట్లాడుతూ బ్యాటరీ మార్చడం మర్చిపోయాను.